నెగెటివ్ వచ్చింది, నిద్ర రాలేదు

ప్రతి సంవత్సరం మన యూనియన్ సావనీరులో సైన్సు విద్యార్థుల వాటా కింద రెండు రకాల వ్యాసాలు వస్తుంటాయి. ఒకటి "విజ్ఞానశాస్త్రము - మానవాభ్యుదయము". రెండవది "అంతరిక్షంలో భారతదేశం". రెండూ మంచివే. వ్రాసినవారు కష్టపడే వ్రాస్తారు. కాని వాటిలో వ్రాసినవాడి ఊరు గాని, ఇల్లు గాని ఎక్కడా కనిపించవు. ఈసారి మైక్రోబయాలజీ తరఫున ఏదో ఒకటి ఇవ్వమని సంపాదకవర్గం వారు అడిగారు గనుక, సైన్సు మా గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్న సంగతి ఒకటి వ్రాస్తాను.

విషయం హెచ్.ఐ.వి. రక్తపరీక్ష. ఆ మాట చూడగానే పేజీ తిప్పేవారుంటారని తెలుసు. దయచేసి తిప్పకండి. ఆ జబ్బు లేదని ఏడు కాగితాలు చెప్పినా నమ్మలేకపోయిన మనిషి సంగతి ఇది.

ఆ మనిషి అనుమతి తీసుకునే వ్రాస్తున్నాను. 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో వున్నది. ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టరాదని అందులో స్పష్టంగా వున్నది. ఈ చట్టం సంగతి చెబితే మావాడు నవ్వి, "రాసుకో. ఊరి పేరు, మిషను పేరు మాత్రం రాయమాక" అన్నాడు. ఊరి పేరు సరే గాని మిషను పేరెందుకో నాకిప్పటికీ తెలియదు.

మావాడంటే మా పెదనాన్న గారి రెండో అబ్బాయి. నాకంటే ఏడేళ్ళు పెద్ద. మాది కొమ్మమూరు కాలువ చివరి ఆయకట్టు. నీళ్ళొస్తే వరి, రాకపోతే అప్పు. ఇంటర్మీడియట్‌తో చదువు మానేసి అన్న వరికోత మిషను డ్రైవరయ్యాడు. కోత మిషను మీద బ్రతుకంటే సగం ఏడాది ఇల్లు వుండదు. డిసెంబరు, జనవరి మన డెల్టాలో కోసి, ఆ వెంటనే తంజావూరు వైపు, ఏప్రిల్ వచ్చేసరికి మిర్యాలగూడ వైపు. రాత్రిళ్ళు మిషను కిందే పడక. పని మాత్రం బాగా వచ్చు. పడిపోయిన చేను కూడా గింజ రాలకుండా కోస్తాడని పేరు.

2023 ఫిబ్రవరిలో తంజావూరు కోతలకు వెళ్ళినప్పుడు ఒక రాత్రి తోటి డ్రైవర్లతో కలిసి ఒక స్త్రీ దగ్గరకు వెళ్ళాడు. ఒకే ఒక్కసారి. కండోము వాడావా అంటే వాడానంటాడు. చిరిగిందేమో చూసుకోలేదంటాడు. తప్పొప్పులు తేల్చే పెద్దరికం నాకు లేదు, తేల్చినా ఎవరికీ లాభం లేదు. తిరిగివచ్చిన వారం రోజులకు జ్వరం, గొంతునొప్పి. పొద్దుట లేచి అద్దం ముందు నాలుక చూసుకోవడం అప్పుడే మొదలైంది.

మా తరానికి అంతగా తెలియదు గాని, 2000ల తొలి సంవత్సరాలలో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పులిరాజా ప్రకటన మారుమ్రోగిందట. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న మాట మా ఊరి టీకొట్టు దగ్గర ఇప్పటికీ ఎగతాళికి వాడతారు. మంచి ఉద్దేశంతో చేసిన ప్రచారమే. నలుగురిలో నోరెత్తి ఆ మాటలు అనుకునే వీలు దానివల్లనే కలిగిందని మా లెక్చరరు గారు అంటారు. అయితే అప్పటికి అన్నకు ఐదారేళ్ళు. ఆ వయసులో చెవిన పడిన మాటకు అర్థం తెలియకపోయినా, పెద్దవాళ్ళ ముఖాల్లో భయం మాత్రం తెలుస్తుంది గదా! ఆ భయం ఎక్కడో లోపల అలాగే వుండిపోయి ఇరవై ఏళ్ళ తర్వాత గొంతునొప్పి రాగానే లేచిందని నా అనుమానం.

మొదటి పరీక్ష ఆ రాత్రి తర్వాత పదకొండవ రోజున, టౌనులో ఒక ప్రైవేటు లాబులో. నెగెటివ్. డబ్బు తీసుకున్నారు, కాగితమిచ్చారు. పదకొండు రోజులకే చేసిన పరీక్షను బట్టి ఏమీ చెప్పలేమనీ, మళ్ళీ రావాలనీ అక్కడ ఒక్కరూ అనలేదు. అన్న సంబరంగా ఇంటికి వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత ఫోనులో ఏదో చదివి "విండో పీరియడ్" అన్న మాట నేర్చుకున్నాడు. ఆ మాట ఆ లాబువాళ్ళే చెప్పివుంటే తర్వాతి కథ కొంచెం వేరుగా నడిచేదేమో. వాళ్ళ మీద నాకింకా కోపమే.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. ఆర్ట్సు మిత్రులు ఓర్చుకోవాలి.

మామూలుగా చేసే పరీక్ష వైరస్సును చూడదు. వైరస్సు ఒంట్లోకి వచ్చినప్పుడు మన శరీరం దానికి ఎదురుగా తయారుచేసుకునే యాంటీబాడీలను చూస్తుంది. అంటే దొంగకోసం వెతకడం కాదు, కుక్క మొరిగిందా లేదా అని వినడమన్నమాట. దొంగ గోడ దూకిన క్షణానే కుక్క మొరగదు. లేవడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయమే విండో పీరియడ్.

ఎలీసా అనే పద్ధతిని మేము ప్రాక్టికల్స్‌లో చేశాం, ప్రమాదం లేని వేరే పదార్థాలతో. 96 చిన్న గుంటలుండే ప్లాస్టిక్ పలక. గుంటల అడుగున ముందుగానే ప్రోటీను పూసి వుంటుంది. సీరం పోస్తే, తగిన యాంటీబాడీ వున్నట్లయితే దానికి అతుక్కుంటుంది. కడుగుతాం. ఎంజైము తగిలించిన ఇంకొక యాంటీబాడీ పోస్తాం. మళ్ళీ కడుగుతాం. చివర రంగునిచ్చే ద్రవం. అతుక్కున్నది వుంటే నీలం తేలుతుంది, ఆమ్లం చుక్క వేయగానే పసుపు. కడగడం సరిగా లేకపోతే అన్ని గుంటలూ పసుపే. మా బ్యాచిలో ఒక మహానుభావుడి పలకలో ఉత్త బఫరు పోసిన గుంటకు కూడా జబ్బు వచ్చింది! పరీక్షకు లేనిపోని పాజిటివ్ ఎలా వస్తుందో ఆ రోజు అందరికీ తెలిసింది.

ఈ పరీక్ష పుట్టుక కూడా తెలుసుకోదగినదే. పారిస్ లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరస్సును 1983లో కనుగొన్నారు. 1985 మార్చిలో అమెరికాలో మొదటి యాంటీబాడీ పరీక్షకు అనుమతి లభించింది. అది ముఖ్యంగా బ్లడ్ బ్యాంకుల కోసం వచ్చింది. పదిమంది మంచివారి రక్తం అనవసరంగా పారబోసినా ఫరవాలేదు, ఒక్క చెడ్డ సీసా జారిపోకూడదన్నది అక్కడి నియమం. మన దేశంలో 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ గారి వద్ద పనిచేస్తున్న సెల్లప్పన్ నిర్మల అనే మైక్రోబయాలజీ విద్యార్థిని రక్తనమూనాలు సేకరించి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, వెల్లూరు తీసుకువెళ్ళి పరీక్ష చేయించారు. ఈ దేశంలో హెచ్.ఐ.వి. వున్నదని అలా తెలిసింది. మనలాంటి ఒక విద్యార్థిని చేసిన పని అది. మన పాఠ్యపుస్తకంలో ఆమె పేరు వుండవలసింది.

మొదటి తరం కిట్లు నిదానం. ఆ కాలంలో ఆరు నెలలు ఆగి మళ్ళీ చూడమనేవారు. అప్పటి కరపత్రాల్లోని మాట ఇప్పటికీ చేతులు మారుతూనే వున్నది. కిట్లు మారిపోయాయి. ఇప్పటి నాలుగో తరం పరీక్ష యాంటీబాడీతో బాటు వైరస్సు లోపలి పి24 అనే ప్రోటీనును కూడా పట్టుకుంటుంది. సిరలోంచి తీసిన రక్తంతో ప్రయోగశాలలో చేస్తే 18 నుంచి 45 రోజుల లోపల తేలిపోతుంది. యాంటీబాడీలు మాత్రమే చూసే పరీక్షలైతే 23 నుంచి 90 రోజులు. 90 రోజులు దాటిన తర్వాత, మధ్యలో కొత్తగా ఏ ప్రమాదమూ జరగకపోతే, నెగెటివ్ అంటే నెగెటివే. ప్రమాదం జరిగిన 72 గంటల్లోపల నివారణ మందులు మొదలుపెట్టినవారికి, రోగనిరోధకశక్తి బొత్తిగా దెబ్బతిన్నవారికి లెక్క వేరు. వారికి గడువు డాక్టరు చెబుతారు. మా అన్న ఆ రెండింటిలో దేనికీ చెందడు.

మూడు నెలలు నిండాక ప్రభుత్వాసుపత్రి ఐ.సి.టి.సి.కి నేనే వెంట వెళ్ళాను. అప్పుడే నా ఇంటర్ పరీక్షలయ్యాయి. మధ్యలో ఆరువారాలకు ఒకటి చేయించుకున్నాడు గనుక అది మూడోది. నెగెటివ్. శాస్త్రప్రకారం కథ అక్కడ అయిపోవాలి. నిజానికి ఆ నెల బాగానే వున్నాడు. సినిమాకు తీసుకెళ్ళాడు. నాకు చెప్పులు కొనిపెట్టాడు. 

ఆ తర్వాత ఒక రాత్రి మేడమీద పడుకొని వుండగా అడిగాడు: "తమ్ముడూ, ఆ మూడు తప్పయితే?"

నేనప్పటికి డిగ్రీలో చేరి కొద్ది రోజులైంది. ప్రశ్న మంచిదే, సైన్సువాడు అడగవలసిందే. కాగితం, పెన్ను తెచ్చి లెక్క వేసి చూపించాను. ఆ లెక్క ఇక్కడ కూడా వ్రాస్తాను, ఎందుకంటే చదువుకున్నవారు సైతం దీన్ని తలక్రిందులుగా పట్టుకుంటారు.

లక్షమందిని తీసుకుందాం. మన దేశంలో పెద్దవారిలో హెచ్.ఐ.వి. వున్నవారు సుమారు 0.2 శాతం. మన రాష్ట్రంలో అంతకంటే ఎక్కువే గాని, లెక్కకు ఇది చాలు. అంటే లక్షలో 200 మంది. పరీక్ష వున్నవారిలో 99.5 శాతాన్ని పట్టుకుంటుందనీ, లేనివారిలో 99.5 శాతాన్ని సరిగా వదిలేస్తుందనీ అనుకుందాం. వున్న 200 మందిలో 199 మంది దొరుకుతారు, ఒక్కరు జారిపోతారు. లేని 99,800 మందిలో 499 మందికి లేకపోయినా వున్నదని వస్తుంది. ఇప్పుడు పాజిటివ్ కాగితం పట్టుకున్నవారు 698 మంది. వారిలో నిజంగా వున్నవారు 199 మందే! అందుకే మొదటి పరీక్ష పాజిటివ్ వస్తే ఎవరూ నిర్ధారించరు. వేరే రకం కిట్లతో మళ్ళీ చేసి, మూడు పరీక్షల దాకా చూసి గాని మాట బయటపెట్టరు. మరి నెగెటివ్ కాగితం పట్టుకున్నవారో? 99,302 మంది. అందులో తప్పు ఒక్కటి. ఒకే పరీక్ష. పాజిటివ్ విషయంలో గట్టిగా అనుమానించవలసిన యంత్రమే నెగెటివ్ విషయంలో గట్టిగా నమ్మవలసిందన్నమాట.

అన్న లెక్కంతా శ్రద్ధగా చూశాడు. బుర్ర వున్నవాడు, వెంటనే అర్థమైంది. కాగితం మీద చివరి వరుసలోని "ఒక్కటి" అన్న అంకె మీద వేలుపెట్టి, "అది నేనే అయితే?" అన్నాడు.

మా ఇంట్లో విత్తనాల మొలక పరీక్ష ఎలా చేస్తారో గుర్తుచేశాను. వంద గింజలు తడిగోనెలో చుట్టి పెడతాం. తొంభై మొలిస్తే బస్తాలన్నీ నారుమడికి పోతాయి. బస్తాలో ప్రతి గింజనూ ఎవరూ చూడరు. పెదనాన్న ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. "పెదనాన్నలాగా నువ్వెందుకు వుండలేవు?" అంటే అన్న చెప్పిన జవాబు నాకు మరుపు రాదు. "గింజలు మోసం చేస్తే ఆ పంట పోతది. ఇది మోసం చేస్తే నాతో పాటు పెళ్ళాంబిడ్డలు పోతారు గదరా."

అప్పటికి పెళ్ళాంబిడ్డలు లేరు. సంబంధం కుదిరి వుంది, అంతే. పొన్నూరు దగ్గరి పిల్ల. శ్రావణంలో పెట్టుకున్న ముహూర్తం మాఘానికి జరిపించాడు. మాఘంలో "కోతల సీజను" అన్నాడు. ఆడపిల్లవారు ఎంతకాలం చూస్తారు? కారణం తెలియక పెద్దమ్మ రాత్రిళ్ళు దేవుడి గదిలో కూర్చునేది. అక్క పురిటికి వస్తే, మేనకోడల్ని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎత్తుకున్నంత మాత్రాన ఏమీ కాదని వాడికి తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్న అడిగితే మనకంటే బాగా వ్రాస్తాడు. తెలియడం వేరు, చేతులు ముందుకు రావడం వేరు.

ఆరు నెలలకు నాలుగో పరీక్ష, సంవత్సరానికి ఐదోది. రెండూ నెగెటివ్. ప్రతిసారీ కొత్త సందేహం. కిట్టు గడువు దాటిందేమో. నా రక్తం గొట్టం ఇంకొకరిదానితో మారిందేమో. నాకు వచ్చింది రెండో రకం వైరస్సేమో (మన దేశంలో వాడే కిట్లు హెచ్.ఐ.వి.-1, 2 రెండింటినీ చూస్తాయి). నా ఒంట్లో యాంటీబాడీలే తయారుకావేమో. ఈ చివరిదానికి మా డిపార్ట్‌మెంటులో ఒక సారును అడిగి జవాబు తెచ్చాను. యాంటీబాడీలు తయారుకాని మనిషి చిన్నతనం నుంచే మాటిమాటికి న్యుమోనియాలతో ఆసుపత్రుల్లో వుంటాడు, ఎండలో పన్నెండు గంటలు మిషను నడపడు. ఈ మాట విని అన్న కడుపారా నవ్వాడు. రెండు రోజులు నవ్వాడు.

గమనించండి, రెండు రోజులు. మూడో పరీక్ష తర్వాత నెల రోజులు. నాలుగో పరీక్ష తర్వాత పదిరోజులు. ఐదో కాగితం తీసుకున్న రోజున బస్టాండు దాకా బాగున్నాడు. బస్సు కదిలేలోపలే "ఆ అమ్మాయి చేతికి గ్లౌజు వుందా, చూశావా?" అని మొదలుపెట్టాడు. పరీక్ష నమ్మకం పెరిగేకొద్దీ వాడి ఊరట తగ్గుతూ వచ్చింది. లెక్కలో దీనికి జవాబు లేదు. 

ఆరోది హైదరాబాదులో. వైరస్సు జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష. రెండు బస్తాల ధాన్యం ఖరీదు. ఏమీ కనబడలేదన్నారు. ఏడోది మళ్ళీ మా ఐ.సి.టి.సి.లో, 2024 అక్టోబరులో.

ఆ రోజు బెంచీ మీద మా పక్కన ఒకావిడ కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. పక్క గదిలో మందులకు వచ్చింది. మమ్మల్ని పలకరించి, మీదే వూరు, ఈసారి నీళ్ళొచ్చాయా అని అడిగింది. పన్నెండేళ్ళుగా మాత్రలు వాడుతున్నదట. ఏమీ దాచుకోకుండా ఆవిడే చెప్పింది. కూతురు ఇంటర్ చదువుతున్నది, ఇద్దరు మనుషుల పని తానొక్కతే చేస్తానని నవ్వింది. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ మందులు 2004 నుంచి ఉచితం. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ వెంటనే మొదలుపెడుతున్నారు. సక్రమంగా వాడి, రక్తంలో వైరస్సు కనబడని స్థితికి వచ్చి, అలాగే వున్నవారి నుంచి లైంగికంగా జబ్బు సోకదు. ఆవిడ చీటీ తీసుకుని వెళ్ళిపోయాక అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆమె నిద్రపోతది గదా" అన్నాడు చివరకు.

ఆ చలికాలంలోనే పెద్దమ్మ కొట్టం తాళంచెవి కొంగున కట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. కొట్టంలో పురుగుమందు డబ్బాలుంటాయి. ఆమెను ఎవరూ ఎందుకని అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ నెలల్లో మందు పిచికారీ చేయవలసి వస్తే పెదనాన్న వెళ్ళి ఆమెను తాళంచెవి అడిగి తీసుకునేవాడు, సాయంత్రం తిరిగి ఇచ్చేవాడు. వ్యవసాయం చేసే ఇళ్ళలోని వారికి ఇంతకంటే విడమర్చి చెప్పనక్కరలేదు.

2025 జనవరిలో అన్న ఎనిమిదోసారి పరీక్షకు బయలుదేరాడు. ఐ.సి.టి.సి.లో కౌన్సెలరు గారు మమ్మల్ని గుర్తుపట్టారు. పెద్దావిడ, కంఠం కొంచెం గరుకు. రిజిస్టరు తెరవలేదు.

"పరీక్ష చెయ్యనని అనను బాబూ. అడిగితే చెయ్యాల్సిందే. ఒక్కమాట చెప్పు. ఇవాళ కూడా నెగెటివ్ వచ్చిందనుకో. ఎన్ని రోజులు నిద్రపోతావు?"

అన్న నిజాయితీపరుడు. ఆలోచించి, "రెండు రోజులు మేడమ్" అన్నాడు.

"మరి పాజిటివ్ వస్తే?"

ఈసారి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. "వస్తే మాత్రలు మింగుతాను. అప్పుడైనా సంగతి తేలిపోతది."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "చూశావా? నీ రక్తంలో ఏముందో మాకు తెలిసిపోయి ఏడాదిన్నర దాటింది. నీకు నిద్ర పట్టనిది రక్తంలో లేదు. నీలాగ చేతులు పదేపదే కడుక్కునేవాళ్ళుంటారు, తాళం వేశామా లేదా అని పదిసార్లు వెనక్కి వచ్చేవాళ్ళుంటారు. తాళం బాగానే వుంటుంది. ఆ పక్క బ్లాకులో ఓపీ వుంది, నేను చీటీ రాస్తాను."

"పిచ్చాసుపత్రికా?" అన్నాడు అన్న లేచి నిలబడి.

"మోకాలు నొప్పి వస్తే మోకాళ్ళ డాక్టరు దగ్గరికి పోవా? కూర్చో."

పరీక్ష చేయకుండా పంపిన ఆ రోజే ఆవిడ చేసిన మేలు పెద్దదని నా అభిప్రాయం. మిగతా ఏడుసార్లూ అందరం కలిసి వాడి భయానికి మేత వేశాం. లాబులు డబ్బు తీసుకుని వేశాయి, నేను లెక్కలతో వేశాను. తర్వాత మానసిక వైద్యురాలు నాకు విడిగా చెప్పిందీ ఇదే. సందేహం వస్తుంది, గుండె దడదడలాడుతుంది, పరీక్షో జవాబో దొరకగానే దడ తగ్గుతుంది. తగ్గింది గనుక తర్వాతిసారి సందేహం వచ్చినప్పుడు మనసు మళ్ళీ అదే అడుగుతుంది, ఇంకొంచెం గట్టిగా. నూటికి నూరుపాళ్ళ భరోసా ఏ కిట్టూ ఇవ్వదు. మనలో చాలామంది ఆ మిగిలిన కొంచెం సందేహాన్ని పక్కన పెట్టుకునే బ్రతుకుతాం. కొందరికి అది పక్కన వుండదు, పీకమీద కూర్చుంటుంది. దానికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స వున్నది.

చికిత్స చాలా విచిత్రంగా వుంటుంది. సందేహం రాగానే నోటుపుస్తకంలో టైము వేసి, ఎంత గట్టిగా వుందో పదికి మార్కులు వేసుకోవాలి. నాలుక చూసుకోకూడదు, ఫోనులో వెతకకూడదు, ఎవరినీ అడగకూడదు. గంట ఆగి మళ్ళీ మార్కులు వేయాలి. మొదటివారం పుస్తకం నిండా తొమ్మిదులు, పదులు. మాత్రలు పనిచేయడానికి నెలన్నర పట్టింది. ఏప్రిల్‌లో మేనకోడలు మొదటి పుట్టినరోజుకు ఎత్తుకుని ఫోటో దిగాడు. ముఖం కొంచెం బిగుసుకునే వుంది, కాని ఎత్తుకున్నాడు. పొన్నూరు సంబంధం మాత్రం తప్పిపోయింది. ఆ అమ్మాయికి వేరేచోట పెళ్ళయింది. పెద్దమ్మ తాళంచెవి మేకుకు తగిలించింది. ఎప్పుడు తగిలించిందో ఎవరూ చూడలేదు.

మన హాస్టళ్ళలో ఇలా వున్నవారు లేరని నేననుకోను. జబ్బు ఇదే కానక్కరలేదు. ఏది ఎక్కడ అడగాలో తెలియనివారికోసం రెండు నంబర్లు: హెచ్.ఐ.వి. సందేహాలకు 1097, మనసు కుదురులేనప్పుడు 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలి మానస్ 14416. రెండింటికీ ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు.

ఇంట్లోవాళ్ళకూ, నాకూ డాక్టరుగారు ఒక నియమం పెట్టారు. పరీక్షల గురించి అన్న అడిగితే జవాబు చెప్పకూడదు. తెలిసిన జవాబు నోట్లో పెట్టుకుని చెప్పకుండా వుండటం సైన్సు విద్యార్థికి ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. ఇప్పుడు సీజను. మొన్న రాత్రి పది దాటాక పొలంలోంచి ఫోను చేశాడు. వెనక మిషను చప్పుడు.

"తమ్ముడూ, ఆ నాలుగో తరం కిట్టుంది చూడు..."

"అన్నాయ్, ఎన్నెకరాలయింది ఇవాళ?" అన్నాను.

కాసేపు మిషను చప్పుడే వినపడింది. "తెలిసిందిలే" అన్నాడు. "పదకొండు. ఇంకో నాలుగుంది, మంచు పడకముందు కోసెయ్యాల. వుంటా."